511వ డిగ్రీ

మా ముడి డేటా టేబుల్లో రోజూ ఏదో ఒక నావ 511 డిగ్రీల దిక్కుకు ముఖం పెట్టి ఉంటుంది. దిక్సూచిలో ఉన్నవే 360. ఉత్తరం నుంచి బయల్దేరి ఒక చుట్టు పూర్తిగా తిరిగొచ్చి, అక్కడితో ఆగకుండా ఇంకో 151 డిగ్రీలు తిరిగితే ఆగ్నేయం దాటి దక్షిణం వైపు తేలుతుంది. కాబట్టి ఆ నావ అటు చూస్తోందని చెప్పొచ్చు. 511ని 360తో భాగించి, శేషం తీసుకుని, స్క్రీన్ మీద బాణం గుర్తును అటు తిప్పి చూపించే కోడ్ కూడా నేను చూశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పొద్దున విశాఖ ఆర్కే బీచ్‌లో నడుస్తూ కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఆగితే, దూరంగా లంగరేసిన ఓడలన్నీ గాలివాటుకో నీటివాటుకో ఒకే వైపు తిరిగి నిలబడి ఉంటాయి, కట్టేసిన పశువుల్లాగా. తర్వాత ఋషికొండ ఎక్కి ఆఫీసులో కూర్చుని అదే సముద్రాన్ని ఆ టేబుల్లో తెరిస్తే ఆ వరసలో ఒకటి మాత్రం లోకంలో లేని దిక్కుకు తిరిగి ఉంటుంది. కళ్లతో చూసినదాన్ని నమ్మాలా, అంకెనా? రెండూ నిజమే కావడం ఎలా?

ఓడలు తమ గురించి తాము రేడియోలో చాటుకునే పద్ధతి ఒకటుంది, ఏఐఎస్ అంటారు. అంతర్జాతీయంగా తిరిగే 300 గ్రాస్ టన్నేజీ, ఆపైన ఓడలన్నీ దాన్ని పెట్టుకోవాలి. ఆ సందేశంలో దిక్కుకు ఇచ్చిన చోటు 9 బిట్లు. అందులో 0 నుంచి 511 దాకా ఏ అంకైనా పడుతుంది. 359 దాటాక మిగిలినవాటితో ఎవరికీ పనిలేదు కాబట్టి, చిట్టచివరి అంకెను ‘తెలియదు’ అని చెప్పుకోవడానికి ఉంచారు. దిక్కు చెప్పే సెన్సర్ కలపని చిన్న నావలు నిజాయితీగా 511 అని పంపిస్తుంటాయి. ఎక్కడున్నదీ తెలియని ఓడ 91వ అక్షాంశం మీద ఉంటుంది. ఉత్తర ధ్రువమే 90తో అయిపోతుంది కదా. రేవుకు ఎప్పుడొస్తుందో తెలియకపోతే సున్నా నెల, సున్నా తారీఖు, 24 గంటల 60 నిమిషాలు. ఏ పంచాంగంలోనూ దొరకని ముహూర్తం. ఇవన్నీ నాకు భలే నచ్చుతాయి. అబద్ధమని చూడగానే తెలిసే అబద్ధాలు ఇవి. ఎవర్నీ మోసం చెయ్యవు. నన్ను గుచ్చేది ఒక్కటే. ఓడ నీళ్లలో ఎంత లోతు మునిగి ఉందో చెప్పే డ్రాఫ్ట్. అది తెలియకపోతే పంపాల్సిన అంకె సున్నా. సున్నాకు 511 లాంటి వికారపు ముఖం లేదు. మామూలు అంకెలా వచ్చి మామూలు అంకెల మధ్య కూర్చుంటుంది. నెలలో వచ్చిన ఓడల సగటు డ్రాఫ్ట్ తీస్తే ఈ గాల్లో తేలే ఓడలన్నీ కలిసి సగటును కిందికి లాగేస్తాయి. అదే గడిలో నల్, అంటే ‘ఇక్కడ విలువ లేదు’ అనే గుర్తు ఉంటే, సగటు తీసే ఫంక్షన్ దాన్ని పక్కన పెట్టి తెలిసినవాటితోనే లెక్క చేస్తుంది. అందుకని మేం రేడియో నుంచి వచ్చిన సున్నాను, 511ను, 91ని గుమ్మంలోనే ఆపి, నల్‌గా మార్చి లోపలికి పంపుతాం. ఇంతవరకు ఇబ్బంది లేదు. ఇబ్బంది లోపలికి వచ్చాక మొదలవుతుంది.

మా కోడ్ సముద్రాన్ని చూడదు, రేడియో వినదు. డేటాబేస్‌ను అడుగుతుంది, అది చెప్పింది నమ్ముతుంది. ఆ కోడ్‌ను పరీక్షించేటప్పుడు డేటాబేస్‌ను కూడా పక్కకు తప్పించి, దాని వేషం వేసిన ఉత్తుత్తి వస్తువును ఆ కుర్చీలో కూర్చోబెడతాం. మాక్ అంటాం దాన్ని. ‘డ్రాఫ్ట్ ఎంత’ అని అడిగితే ‘114’ అనమని ముందే నేర్పుతాం, మీటరులో పదోవంతుల లెక్కన. టెస్ట్ నడుస్తుంది, కోడ్ అడుగుతుంది, మాక్ 114 అంటుంది, పచ్చ టిక్కు పడుతుంది. అందరం టీకి లేస్తాం. నడుస్తూ నాకు అనిపిస్తుంటుంది, ఇందాక అడిగింది ఎవరు, చెప్పింది ఎవరు? ప్రశ్న రాసిందీ మనమే, జవాబు రాసిందీ మనమే, దిద్దిందీ మనమే. మధ్యలో మనకు తెలియనిదేదైనా వచ్చి చేరడానికి సందు ఎక్కడుంది?

మా టీములో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడొకడున్నాడు. టెస్టులన్నీ గ్రీన్‌గా ఉన్నా ఎందుకో నమ్మకం కుదరని రకం. అలాంటివాడు టీముకు ఒకడైనా ఉండాలి. ఒకరోజు ‘అన్నా, ఇది చూడండి’ అని పిలిచాడు. జావాలో టేబుల్ నుంచి పూర్ణాంకం తెచ్చుకోవడానికి గెట్‌ఇంట్ అనే మెథడ్ వాడతాం. ఆ గడిలో నల్ ఉంటే అది సున్నా తెచ్చి ఇస్తుంది, ఎందుకంటే జావా వారి ‘ఇంట్’లో తెలియదనడానికి చోటు లేదు. అందుకని వెంటనే వాజ్‌నల్ అని ఇంకో మాట అడగాలి: నువ్విప్పుడిచ్చిన సున్నా నిజం సున్నానా, నల్లా? అసలు డేటాబేస్ అయితే ‘నల్లే’ అని ఒప్పుకుంటుంది. మాకిటో అనే లైబ్రరీతో చేసిన మాక్‌కు మాత్రం మనం ఏమీ నేర్పకుండా వదిలేస్తే దాని స్వభావం ఒకటుంది. అంకె అడిగితే సున్నా అంటుంది. అవునా కాదా అని అడిగితే కాదంటుంది. ‘డ్రాఫ్ట్ ఎంత?’ ‘సున్నా.’ ‘తెలియక అంటున్నావా?’ ‘కాదు.’ ఆ ధీమా చూడండి! ఏమీ నేర్పనివాడు తనకన్నీ తెలుసని సాక్ష్యం చెబుతున్నాడు. ఎవరూ కావాలని చేసింది కాదది. ఆ లైబ్రరీ రాసినవాళ్లు ఏదో ఒక జవాబు ఉండాలి కదా అని, ఖాళీ జవాబుల్లో అతి సామాన్యమైనవి పెట్టారు. సామాన్యమైన రెండు ఖాళీలు పక్కపక్కన కూర్చుని ఓ గట్టి అబద్ధమయ్యాయి.

మాక్‌ల మీద నాకు కక్ష ఉందనుకోకండి. 2000లో ఇటలీవారి సార్డీనియా దీవిలో జరిగిన సభలో టిమ్ మెకిన్నన్, స్టీవ్ ఫ్రీమన్, ఫిలిప్ క్రెయిగ్ ఆ పద్ధతి మీద వ్యాసం చదివినప్పుడు వాళ్ల ముందున్న ఇబ్బంది నిజమైనదే. అసలు డేటాబేస్‌ను లేపి, నింపి, అడిగి, తుడిచి, మళ్లీ నింపి పరీక్షలు చేస్తుంటే పూటలు గడిచిపోతాయి. పైగా ‘నెట్‌వర్క్ మధ్యలో తెగిపోతే’, ‘డిస్కు నిండిపోతే’ లాంటివి అసలుదాంతో తెప్పించడం కష్టం, వేషగాడితో చిటికెలో పని. అంటే మాక్ పుట్టిందే రాని కష్టాలను రప్పించి చూడటానికి! మనం దాన్ని వచ్చే సుఖాలను మళ్లీ మళ్లీ చూసుకోవడానికి వాడుకుంటున్నాం. తర్వాత ఫ్రీమన్ లాంటివాళ్లే నీది కానిదాన్ని మాక్ చెయ్యకని హెచ్చరించారు. డేటాబేస్ మనది కాదు. దాని తత్వం దానికుంది. ఒరాకిల్‌లో ఖాళీ అక్షరమాల పెడితే అది నల్ అయిపోతుంది, పోస్ట్‌గ్రెస్‌లో ఖాళీ ఖాళీగానే ఉంటుంది. ఇంటిపేరు ముందు రాసుకుని, మిడిల్ నేమ్ అంటే ఏమిటో తెలియక ఆ గడి వదిలేసే మన జనంతో నిండిన టేబుల్లో ఈ తేడా చిన్నది కాదు.

ఈ తత్వం సంగతి నాకు బాగా గుర్తుండిపోయేలా చేసింది ఓ రిపోర్టు. ఏ కంపెనీదన్నది వదిలేద్దాం. బెర్తు ఇంకా దొరకని ఓడలేవో చూపించే స్క్రీన్ అది. ఒక పొద్దున అందులో ఒక్క ఓడా లేదు. కిటికీలోంచి చూస్తే ఓడలు నిక్షేపంగా కనబడుతున్నాయి. లోపల క్వెరీ చాలా మామూలుది: బెర్తు కేటాయింపుల జాబితాలో లేని ఓడలను చూపించు. కొత్తగా జరిగిందల్లా ఏమిటంటే, ఒక బెర్తును మరమ్మతుకు ఆపారు. కేటాయింపుల టేబుల్లో దానికో వరస పడింది, ఓడ గడి నల్. అంతే. ఇక ప్రతి ఓడ దగ్గరా డేటాబేస్‌కు ధర్మసందేహం వచ్చింది. ఈ ఓడ ఆ జాబితాలో లేదా? ఉన్నవాటిలో ఇది కాదు, నిజమే. కానీ ఆ ఒక్క గడిలో ఎవరున్నారో తెలియదే, ఒకవేళ ఇదే అయితే? తెలియనిది చూపించడం తన పని కాదు. అలా ఒక్కో ఓడనూ అనుమానించి సముద్రాన్నే ఖాళీ చేసింది. తర్కం ప్రకారం అణువంత తప్పు లేదు. టెస్ట్ అన్నాళ్లూ పాస్ అవుతూనే ఉంది, ఎందుకంటే అక్కడ క్వెరీ అసలు నడవనే లేదు. ‘ఎదురుచూసే ఓడలేవి’ అంటే ఫలానావి అని చెప్పమని మాక్‌కు ముందే అప్పజెప్పారు. నల్‌తో వచ్చే ఈ మూడో రకం తర్కం, అవును కాదు కాక తెలియదు అనేది, డేటాబేస్ బుర్రలో ఉంటుంది. ఆ బుర్రనే తీసి పక్కన పెట్టి పరీక్షిస్తే ఏం కనబడుతుంది?

ఈ నల్‌ను పట్టుబట్టి నిలబెట్టిన ఎడ్గర్ కాడ్ రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రం మీద తిరిగే సండర్‌ల్యాండ్ విమానాలు నడిపినవాడు. నీళ్ల మీద దారి తెలియకపోవడమంటే ఏమిటో అనుభవించి ఉంటాడని నా ఊహ. 1970లో ఐబీఎంలో ఉండి టేబుళ్ల సిద్ధాంతం రాశాడు. 1985లో అసలైన రిలేషనల్ డేటాబేస్‌కు ఉండాల్సిన నియమాలు ప్రకటించినప్పుడు, తెలియనిదాన్ని సున్నాతోనో ఖాళీతోనో కలిపెయ్యకుండా ఒక పద్ధతిగా చూడాలన్నది అందులో మూడోది. 1990కి వచ్చేసరికి ఆయనకే ఒక నల్ చాలలేదు. ఉండాల్సింది తెలియకపోవడం వేరు, అసలు వర్తించకపోవడం వేరు, రెండు గుర్తులు పెడదామన్నాడు. తయారీదార్లు వినలేదు. ఆయన సహచరుడు క్రిస్ డేట్ అయితే నల్ అనేదే వద్దని ఏళ్ల తరబడి వాదించాడు. వీళ్ల గొడవ చదువుతుంటే నాకు మన అన్నంభట్టు గుర్తొస్తాడు. పదిహేడో శతాబ్దపు తర్కసంగ్రహం ఆయనది, తెలుగువాడనే చెబుతారు. లేకపోవడాన్ని కూడా లోకంలోని పదార్థాల్లో ఒకటిగా లెక్కపెట్టిన సంప్రదాయం. పైగా నాలుగు రకాలు. ఇంకా రేవుకు రాని ఓడ వచ్చిన సమయం ప్రాగభావం. బెర్తు వదిలి వెళ్లిపోయాక అక్కడ మిగిలింది ప్రధ్వంసాభావం. ఇంజనే లేని బార్జికి ఇంజను శక్తి ఎంతంటే అత్యంతాభావం. ఇది అది కాదనడం అన్యోన్యాభావం. భలే సరిపోయాయే అని సంబరపడి, మళ్లీ ఆలోచిస్తే సంబరం నిలవలేదు. నేల మీద కుండ లేదని నైయాయికుడు అనేది నేలను కళ్లారా చూశాక. అది చూసి చెప్పిన లేమి. మన నల్‌లో ఎక్కువభాగం నేలను ఎవరూ చూడకపోవడం వల్ల వచ్చింది. దాన్ని ఆయన అభావమని ఒప్పుకుంటాడా? చూడనివాడికి లేదనే హక్కు ఎక్కడిదని అడిగితే మా దగ్గర జవాబు లేదు.

మా మావయ్య దగ్గర ఉంది. స్టీల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పనిచేసి రిటైరై కూర్మన్నపాలెంలో ఉంటున్నాడు. కోడ్ అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కొలిమిల దగ్గర వేడి, ఒత్తిడి కొలిచే మీటర్లకూ కంట్రోల్ రూముకూ మధ్య వైర్లో నడిచే కరెంటు గురించి అడిగితే మాత్రం భోజనం చల్లారిపోతుంది. ఆ కరెంటు 4 నుంచి 20 మిల్లీయాంపియర్ల దాకా ఉంటుంది. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదని చిన్నప్పుడు నేనడిగాను. కొలిచినది సున్నా అయితే 4 వస్తుంది, వైరు తెగితే సున్నా వస్తుంది. రెండింటికీ సున్నాయే పెడితే చల్లగా ఉందో చచ్చిపోయిందో ఎలా తెలుస్తుందని ఎదురడిగాడు. థర్మోకపుల్ తెగిపోతే కొన్నిచోట్ల మీటరును కావాలనే పై చివరకు కొట్టించేలా పెడతారట, మంట ఆగిపోవాలని. తెలియనప్పుడు ఎటువైపు పొరపాటు పడాలో కూడా ముందే తేల్చుకున్నారన్నమాట. ఉక్కు కరిగించేవాళ్లు ఇంత నెమ్మదిగా ఆలోచించి పెట్టుకున్న సంగతిని పట్టించుకోకుండా, ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లం సున్నాకూ నల్‌కూ ఒకే గడి ఇచ్చి ఊరుకున్నాం.

మావయ్యకూ మాక్ ఉంది. చేతిలో పట్టే చిన్న పెట్టె, లూప్ క్యాలిబ్రేటర్. మీటరును విడదీసి దాని స్థానంలో ఈ పెట్టె తగిలిస్తే అదే మీటరులా కరెంటు పంపిస్తుంది. 4 పెడితే కంట్రోల్ రూములో సున్నా చూపించాలి, 8కి పావు వంతు, 12కి సగం, 16కి ముప్పావు, 20కి నిండుగా. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఈ అయిదూ పెట్టి, అన్నీ సరిగ్గా వచ్చాయని కాగితం మీద సంతకం చేసి లేవబోతే, ఆయన కదలనిచ్చేవాడు కాదట. ‘అయిదూ చూసేవు, బాగుంది. వైరు పీకి చూసేవేట్రా?’ పీకాలి. పీకాక ప్యానెల్లో అలారం వస్తుందా, లేక పాత అంకె మీదే నిద్రపోతుందా అని కంట్రోల్ రూమువాణ్ని అడగాలి. ఆ తర్వాతే సంతకం. మా టెస్టుల సంగతి చెబితే శ్రద్ధగా విని ఇదే అడిగాడు. నేను డ్రాఫ్ట్ 114 పెట్టి చూశామని, 87 పెట్టి చూశామని, చివరికి 255 కూడా పెట్టామని చెప్పుకొచ్చాను. ‘మరి పీకడం?’ అన్నాడు.

మాక్ అనే మాట ఈ ఊళ్లో ప్రోగ్రామర్ల సొత్తు కాదులెండి. రేవు, రిఫైనరీ, నేవీ ఉన్న ఊరు. మాక్ డ్రిల్ అంటే పిల్లలకూ తెలుసు. 2025 మే 7న దేశమంతా చేసిన డ్రిల్‌లో విశాఖ కూడా ఉంది. సైరన్ మోగింది, స్ట్రెచర్లు వచ్చాయి, అందరూ ఎటు వెళ్లాలో అటు వెళ్లారు. దానికి సరిగ్గా అయిదేళ్ల ముందు, 2020 మే 7 తెల్లవారుజామున, ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి జనం మీదికి వచ్చింది. 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ జూలైలో ఇచ్చిన నివేదికలో చెప్పిన కారణాల్లో ఒకటి నన్ను వదలదు. ట్యాంకులో వేడిని అడుగున మాత్రమే కొలుస్తున్నారు. పై పొరల్లో కొలిచే ఏర్పాటు లేదు. వేడెక్కింది పైన. అడుగున ఉన్న మీటరు అబద్ధం చెప్పలేదు, దానికి తెలిసింది అది చెప్పింది. ఆ ఒక్క అంకె ట్యాంకంతటికీ వేడి అయి రికార్డులో కూర్చుంది. పైపొరకంటూ ఒక కాలమ్ ఉండి, అది రోజూ నల్‌గా కనబడుతుంటే ఎవరైనా ఎప్పుడైనా అడిగి ఉండేవారా? అలా అనుకోవడం అతి తెలివేమో. మా మావయ్య మాత్రం ఆ వార్త విన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడక, ‘తెలీదన్న సంగతి కూడా ఎవడికీ తెలీలేదు’ అన్నాడు.

మా టీములో ఇప్పుడు డేటాబేస్‌ను తాకే టెస్టులకు మాక్‌లు తగ్గించి, కంటైనర్‌లో అసలు పోస్ట్‌గ్రెస్‌నే లేపుతున్నాం. నిదానమే, భరిస్తున్నాం. మాక్ తప్పనిచోట ప్రతి గడికీ ఒకసారి వైరు పీకిన వరస ఉండాలన్నది శ్రీకాకుళం కుర్రాడు పెట్టిన రూలు. దీనివల్ల లోకం బాగుపడుతుందని నేననను. ఎందుకంటే చాలావాటికి టేబుల్లోకి రాకముందే వేషం వేసేస్తున్నారు. బళ్లో వేసేనాటికి పుట్టినరోజు చెప్పలేని తండ్రి ముందు, మేస్టారు తనకు తోచిన తారీఖు రాసి పిల్లాణ్ని ఒకటో తరగతిలో కూర్చోబెట్టేవారు. మా పై తరంలో ఊరి పిల్లలంతా కూడబలుక్కున్నట్టు జూన్, జూలైల్లోనే పుట్టారు. తొలినాళ్ల ఆధార్ కార్డుల్లో కొందరికి పుట్టిన సంవత్సరం మాత్రమే అచ్చువేశారు. అంతకంటే నిజాయితీ అయిన కార్డు మరొకటి నా చేతికి రాలేదు. పూర్తి తేదీ కావాల్సిందేనని పట్టుబట్టిన చోట ఆ సంవత్సరానికి జనవరి 1 తగిలించారు. ఇక ఆ అంకె ఎక్కడికెళ్లినా తలెత్తుకు తిరుగుతుంది. అది 511 కాదు, పట్టుకోవడానికి. జనాభా లెక్కలు తీసేవాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలిసిన బాధే. మన దేశపు వయసుల పట్టికల్లో 40 దగ్గర, 45 దగ్గర, 50, 60ల దగ్గర జనం గుట్టలుగా పోగుపడతారు. 41, 59 ఏళ్లవాళ్లు పాపం పలచగా ఉంటారు. తెలియదని చెప్పడం నామోషీ అయిన చోట సున్నాతో, అయిదుతో ముగిసే వయసులే గౌరవం నిలబెడతాయి.

2027 జనగణనకు మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఈసారి వివరాలు మొబైల్ యాప్‌లోకి ఎక్కుతాయి. ఎన్యూమరేటర్ వచ్చి మీ ఇంట్లో పెద్దావిడ వయసెంతని అడిగితే, ఆవిడకు గుర్తులేకపోతే, పక్కనుంచి మీరు డెబ్బై అని అందించకండి. 2011 లెక్కల వయసుల పట్టికలో అందరూ అయిపోయాక చివర ఇంకో వరస ఉంది: వయసు చెప్పనివారు. లక్షల్లో ఉన్నారు. ఆవిడకు అక్కడ చోటుంది.